నీళ్లు తాగిన బురుజు

కర్నూలు రాజధాని అయిన ఏడాది నన్ను ప్రొద్దుటూరు నుంచి ఆ ఊరికి కోడలిగా తీసుకుపోయారు. జమ్మలమడుగు దాటి, ముద్దనూరు దారిలో బస్సు దిగి, ఎద్దులబండి ఎక్కాం. ఊరి కంటే ముందు నాకు కనిపించింది బురుజు. ఎండకు కళ్లు చికిలించుకుని చూశాను. పైన ఉండాల్సిన రాళ్లు సగం ఊడిపోయి, లోపలి మన్ను బయటపడి, ఒక పక్కకు ఒరిగినట్టు ఉంది. "ఇది పడదా?" అని అడిగాను. కొత్త పెళ్లికూతురు నోరు విప్పి మొదట అడిగే మాట అదా అని బండి వెనక నడుస్తున్న ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పక్కన కూర్చున్న మా ఆయన మాత్రం నవ్వాడు. "పడాల్సిన పొద్దు పడతాది లే" అన్నాడు.

ఆయన అన్నట్టే పడింది. పడుతూ మా ఇంట్లో ఒక మనిషిని తీసుకుంది. ఇప్పుడు ఆ ఊరివాళ్లు ప్రొద్దుటూరు బజారులో కలిసినప్పుడల్లా "మా ఊరికి కోట ఉండేది" అని గొప్పగా చెప్పుకుంటూ ఉంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఉండేది, నిజమే. ఎట్లా లేకుండా పోయిందో మాత్రం ఒక్కరూ నోరెత్తరు. అందుకే నేను రాస్తున్నాను.

కోట అంటే గండికోట వంటిది అనుకోవద్దు. మట్టిగోడ. బండి తోలేంత వెడల్పు, దానికి బయటివైపు రాతి కట్టడం, మూలమూలకూ ఒక బురుజు, వాకిలికి అటూ ఇటూ రెండు. చుట్టూ అగడ్త. నేను పోయేనాటికి అగడ్తలో నీళ్లు లేవు, సర్కారు కంప మొలిచి ఉంది. ఊరు మొదట అక్కడ ఉండేది కాదట. తూర్పున వంక దాటాక ఒక దిబ్బ ఉంది. దాన్ని పాటిదిబ్బ అనేవాళ్లు. పాత ఊరు అదే. దండ్లు వచ్చి ఊళ్లు దోచుకునే కాలంలో ఒక పాలెగాడు ఈ గోడ కట్టించి, దిబ్బమీది జనాన్నంతా లోపలికి తెచ్చుకున్నాడు. నడుమ ఆయన మేడ, గుర్రాల కొట్టం, గింజలు దాచే పాతర్లు, ఒక పెద్ద బావి. చుట్టుపక్కల చేలన్నీ ఆయనవే. సేద్యం చేసేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, కుమ్మరి, కమ్మరి, దూదేకులవాళ్లు అందరూ ఆ మేడ చుట్టూ ఇళ్లు వేసుకున్నారు. మాలపల్లె, మాదిగపల్లె మాత్రం గోడ బయటే. దండు వస్తే ముందు కాలేది వాళ్ల ఇళ్లే. గొప్పలు చెప్పేవాళ్ల లెక్కలో అది కూడా ఉండదు.

తర్వాత కుంపిణీ దొరలు వచ్చి ఫిరంగులు దించుకుపోయారు. పాలెగాడి వారసులు పింఛను పుచ్చుకుని, అదీ ఆగిపోయాక యాడికో వెళ్లిపోయారు. మేడ కూలింది. ఊరివాళ్లు దాని దూలాలు, గోడమీది రాళ్లు ఇళ్లకూ బావులకూ మోసుకుపోయారు. మిగిలింది మన్ను, వాకిలి, ఆ వాకిలి తలుపులు వేసే మా అత్తగారిల్లు.

మా మామ వంశానికి పాలెగాడు అప్పగించిన పని అది. పొద్దు గూకగానే కోటవాకిలి తలుపులు మూయాలి, తెల్లారగానే తెరవాలి. దానికి కూలిగా ఇనాం భూమి. పాలెగాడు పోయినా, రాజ్యాలు మారినా, వీళ్లు మూస్తూనే ఉన్నారు. తమాషా ఏమిటంటే, తూర్పువైపు గోడ ఎప్పుడో పడిపోయి, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత సందు ఏర్పడింది. ఊరంతా దాన్లోంచే తిరిగేది. అయినా మా మామ ప్రతి సాయంత్రం పంచె బిగించి, ఆ రెండు తలుపులూ భుజంతో నెట్టి, గడియమాను అడ్డం వేసి, వాకిలి నీడలో దూది ఏకే దూదేకులాయనతో రెండు మాటలు మాట్లాడి ఇంటికి వచ్చేవాడు. కాపరానికి పోయిన కొత్తలో నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, ఆడ అంత సందుంటే ఈడ గడియ ఏంటికి?"

"ఆ సందు మా తాతది కాదు మ్మే. ఈ తలుపు మా తాతది" అన్నాడాయన. కోపం లేదు. నాకు అత్త లేదు, నేను పోకముందే పోయింది. ఆ ఇంట్లో మేము ముగ్గురం. మామ ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నా నోటికి తట్టుకుని నిలబడినవాడు ఆయనొక్కడే.

ఇక మన్ను సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కల రైతులకు పాత ఊరి మన్ను అంటే ప్రాణం. తరతరాల బూడిద, పేడ, కసువు కలిసిన మన్ను అది. ఒక్కసారి చేనికి తోలితే మూడు నాలుగేళ్లు పైరు నల్లగా లేస్తుంది. మొదట పాటిదిబ్బను తవ్వారు. మా మామ చిన్నప్పటికి దిబ్బ అయిపోయి, గుంట మిగిలింది. అప్పుడు అందరి కళ్లూ అంతే సత్తువ ఉన్న కోటగోడ మన్నుమీద పడ్డాయి. గోడను తవ్వితే కోట పోతుంది, కోట పోతే ఊరి పరువు పోతుంది. అందుకని పెద్దలు కూర్చుని ఒక కట్టు పెట్టారు. నిలబడిన గోడను ఎవరూ ముట్టకూడదు. దానంతట అది పడితే మాత్రం ఆ మన్ను తోలుకోవచ్చు. పడిన కుప్పమీద ఎవరు ముందు పోయి గంప బోర్లిస్తే కుప్ప వాళ్లది.

బాగానే ఉంది కదా. కానీ మనుషులు ఊరుకుంటారా. గోడ దానంతట అది పడేదాకా ఎవరు కాచుకుంటారు? ఒకాయన పశువులు కడిగిన నీళ్లను గోడ మొదట్లోకి పోయేట్టు కాలువ తీశాడు. ఇంకొకాయన ఇంటి చూరునీళ్లు అటు మళ్లించాడు. గడ్డపార ముట్టించినవాడు ఒక్కడూ లేడు. నీళ్లు వాటంతట అవి పోయాయి, గోడ దానంతట అది పడింది. దానికి ఆ ఊళ్లో ఒక మాట కూడా ఉండేది, గోడకు నీళ్లు తాపడం. ఎద్దుకు తాపినట్టే మాట్లాడేవాళ్లు. "మీ పక్క గోడ నీళ్లు బాగా తాగుతాండాదే" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్లు. తెలియనివాడు లేడు, తప్పని అన్నవాడూ లేడు. అట్లా తాగి తాగి మూలబురుజులు పోయాయి. వాకిలికి దక్షిణాన ఉన్న బురుజు పోయింది. నేను కాపరానికి పోయేనాటికి ఉత్తరపు బురుజు ఒక్కటే మిగిలింది. వాకిలి ఒక పక్క రాతిస్తంభానికీ, ఒక పక్క ఆ బురుజుకూ ఆనుకుని నిలబడి ఉండేది. తలుపు వేసేముందు మా మామ కూర్చునే అరుగు సరిగ్గా దాని కిందే.

మా ఆయన మనసంతా చేనిమీదే ఉండేది. ఇనాం భూమి తండ్రిది, తనకంటూ ఏదో ఒకటి ఉండాలని ఊరికి దక్షిణాన బంజరు కొండచెలక పట్టా చేయించుకున్నాడు. అంతా గరుకు నేల. నాకు కూతురు పుట్టేదాకా ఆయనా నేనూ కలిసి దాన్లో రాళ్లు ఏరాం. నా చేతులు చూసి ప్రొద్దుటూరులో మా అమ్మ ఏడ్చింది. రాళ్లయితే పోయాయి గాని సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి ఏడు జొన్న మోకాలెత్తు కూడా లేవలేదు. ఆయన గట్టుమీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండేవాడు. "ఒక్క యాభై బండ్ల కోటమన్ను పడితే చాలు మే, ఈ చేను చూడను జనం రావాల" అనేవాడు.

రాజధాని హైదరాబాదుకు పోయిన ఏడాది ఎండాకాలంలో, నేను పెద్దబావికి నీళ్లకు పోయినప్పుడు చూశాను. ఎద్దులతో కపిల తోలి బావిలోంచి తోడిన నీళ్లు మా కూరాకు మడికి పారే కాలువ బురుజు పక్కగానే పోతుంది. ఆ కాలువకు ఒకచోట జానెడు గండి పడి ఉంది. నీళ్లు సన్నగా, చప్పుడు లేకుండా, బురుజు మొదట్లోకి ఇంకిపోతున్నాయి. చుట్టూ పచ్చిక మొలిచి ఉంది. అంటే అది ఆనాటి గండి కాదు. ఆ మడికి నీళ్లు కట్టేది మా ఆయనే.

బిందె అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను. ఆయన సంగటి తింటున్నాడు.

"బురుజుకు నీళ్లు తాపుతాండావా?"

"నేనేడ తాపినా? నీళ్లు పోతాండాయి, అది తాగుతాండాది."

"దాని కింద మీ నాయన కూర్చుంటాడు."

"అది ఇటు పడదు మే. బయటికి, అగడ్త పక్కకు పడతాది. బండి ఆడికే తోలొచ్చు. అంతా చూసుకునే చేస్తాండా." ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "నాయనతో అనొద్దు."

నేను ఆ సాయంత్రమే అన్నాను. నా నోరు అట్లాంటిది, దానికి నేను ఎప్పుడూ సిగ్గుపడలేదు. అరుగుమీద కూర్చున్న మామ ముందు నిలబడి, "మామా, నీ కొడుకు నీ తలమీద ఉండే దానికి నీళ్లు తాపుతాండాడు" అని చెప్పేశాను. ఆయన మండిపడతాడని, కొడుకును పిలిచి నాలుగు తిడతాడని అనుకున్నాను. ఆయన తలెత్తి బురుజును చూసి, తల దించుకున్నాడు.

"తెలుసు మ్మే. వాసన రాలేదా, పచ్చిమంటి వాసన. వాన లేకుండా ఎట్ల వస్తాది?"

"తెలిసీ గమ్మున ఉండావా?"

"ఏమని అడిగేది వాన్ని? వాడు పుట్టకముందు దక్షిణపు బురుజుకు తాపింది నేనే" అన్నాడు. "ఆ యేడు మన చేన్లో కొర్ర చూడాల్సింది నువ్వు."

 నా నోరు మూయించిన మాట ఆ ఇంట్లో అదొక్కటే.

మరుసటి రోజు నుంచి ఆయన పొద్దున తలుపులు తెరిచాక ఇంటికి రావడం మానేశాడు. అరుగుమీదే కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నం అక్కడికే తెమ్మనేవాడు. "నేను కింద కూర్చోనుంటే వాడు నీళ్లు విడవడు, చూస్తాండు" అన్నాడు నాతో. తండ్రీ కొడుకులు ఆ మాట ఒకరితో ఒకరు అనుకోలేదు. ఆయన అరుగుమీద కూర్చుని కొడుకును చూసేవాడు, ఈయన బావిదగ్గర నిలబడి తండ్రిని చూసేవాడు. నడుమ కంచం పట్టుకుని నేను తిరిగేదాన్ని. తాతా మనవడూ అయితే ఆట అనుకోవచ్చు, పెళ్లయి బిడ్డ పుట్టిన కొడుకుతో ఇదేమి పంతమని చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది పడుతుందని నాకు తెలుసు. ఎవరిమీద పడుతుందన్నదే నా భయమంతా.

మా ఆయన నెగ్గలేకపోయాడు. వారం తిరక్కముందే గండి మూసేశాడు. "ముసలోడు అడ్డం కూర్చుంటే ఏం చేసేది" అని నాతో గొణిగాడు. నేను పోయి చూశాను. బంకమన్ను పెట్టి గట్టిగా కాలితో తొక్కి మూశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. కానీ బురుజు తాగింది తాగేసింది. లోపలికి పోయిన నీళ్లను ఎవరు వెనక్కి తీస్తారు?

మొదట దుమ్ము రాలడం మొదలైంది. మామ కంచంలో సన్నటి దుమ్ము పడేది. ఆయన వేలితో తీసి పక్కన పెట్టి తినేవాడు. తర్వాత బురుజుకు నిలువుగా ఒక చీలిక కనిపించింది. ఆయన దానికి అడ్డంగా పేడా మన్నూ కలిపి ఒక పట్టీ మెత్తాడు. మూడోనాటికి ఆ పట్టీ నడుమకు విరిగింది. మళ్లీ మెత్తాడు, మళ్లీ విరిగింది. అట్లా ఒకదానికింద ఒకటి మెత్తుకుంటూ పోయాడు. పొద్దున్నే పోయి నేనూ చూసేదాన్ని, ఈనాటిది విరిగిందా లేదా అని. విరగని రోజు లేదు.

ఆ తర్వాత తలుపు మొరాయించింది. అన్నేళ్లు ఆయన భుజానికి లొంగిన తలుపు ఒక సాయంత్రం నేలకు ఒరుసుకుని ఆగిపోయింది. దూదేకులాయన వచ్చి చెయ్యి వేస్తే గాని మూసుకోలేదు. తలుపు బరువెక్కలేదు, పైన ద్వారబంధం కిందికి దిగింది. వాకిలి నీడలో దూది ఏకుకుంటూ బతికిన ఆ సాయిబు మరునాడు తన దూదేకే విల్లు, బుట్టలు అన్నీ తీసుకుని మసీదు పక్కకు మారిపోయాడు.

"భయపడితివా?" అని మా మామ ఎగతాళి చేశాడు.

"భయమే మామా. నాకు బిడ్డలుండారు. నువ్వూ లెయ్ ఆడనుంచి" అన్నాడాయన.

మామ లేవలేదు. కరణం కూడా చెప్పి చూశాడు. ఇనాములన్నీ రద్దు చేస్తున్నారని, భూమికి పట్టా ఇస్తారని, వాకిలి వేసినా వేయకపోయినా ఇక అడిగేవాడు లేడని. "అడిగేవాడు మా తాతకూ లేడు" అన్నాడు మామ.

నేను ఒక ఉపాయం చేశాను. మా అక్కను పులివెందులలో ఇచ్చారు. ఆమె కొడుక్కు పుట్టువెంట్రుకలు తీస్తున్నారని, మన ఇంటి తరఫున పెద్దదిక్కుగా ఆయనే పోవాలని, నాలుగు రోజులుండి రమ్మని బలవంతాన బస్సెక్కించాను. ఆ సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చి దిగాడు. విందు కూడా తినకుండా వచ్చాడని అక్క తర్వాత నన్ను తిట్టింది. తలుపులు వేసి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ నాతో ఒక మాట అన్నాడు.

"నేను ఆడ లేకుంటే పడకుండా నిలుస్తాదా మ్మే? ఇంగొకరిమీద పడతాది."

 బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయాను.

వానలు పట్టుకున్నాయి. ఆ ఏడు ముసురు విడవలేదు. కప్పుమీద వాన చప్పుడు వింటూ నేను బురుజు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. పడలేదు. మామకు మట్టిగోడల తీరు బాగా తెలుసు. "వాన కురిసేటప్పుడు నిలుస్తాది. వెలిసి, ఎండ కాసిన పొద్దు చూసుకోవాల" అన్నాడు. ఎండ కాసిన పొద్దున ఆయన తలుపులు తెరవలేదు. అరుగుమీద కూర్చోనూ లేదు. వాకిలికి లోపలా బయటా ముళ్లకంప అడ్డం వేసి, దూరంగా నిలబడి, వచ్చేపోయేవాళ్లను తూర్పు సందులోంచి పొమ్మని తరుముతున్నాడు. అంతవరకూ నాకు చాదస్తంగా కనబడిన ఆ కాపలా ఆనాడు నిజమైన కాపలా అయింది. ఆయన దాని కింద లేడని చూసి నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇక పడితే పడనీ అనుకున్నాను.

పొద్దు బారెడు ఎక్కాక పడింది. ఉరుము కాదు, బండెడు రాళ్లు గుమ్మరించిన చప్పుడు. మా ఆయన చెప్పినట్టే బయటివైపు, అగడ్త పక్కకు పడింది. నేను బిడ్డను చంకన వేసుకుని తూర్పు సందులోంచి బయటికి పరుగెత్తాను. మామ వాకిలి బయటి ముళ్లకంప దగ్గర, ఒళ్లంతా దుమ్ముతో, దెబ్బ తగలకుండా నిలబడి ఉన్నాడు. అంతలో మా ఆయన చేని నుంచి పరుగున వచ్చాడు. తండ్రిని చూసి ఆగాడు. రెండు చేతులతో ఆయన భుజాలు తడిమాడు. "ఏం కాలేదు గదా నాయనా? ఏం కాలేదు గదా?" అని అడుగుతూ ఏడ్చేశాడు. అంతకుముందు గాని తర్వాత గాని ఆ ఇద్దరూ అట్లా దగ్గరగా నిలబడడం నేను చూడలేదు.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ చప్పుడు విని ఊరంతా గంపలు పట్టుకుని తూర్పు సందులోంచి వస్తోంది. పార, గంప, పార, గంప. అగడ్త వెంబడి ఉరుకుతున్నారు. మా ఆయన వాళ్లను చూశాడు, కుప్పను చూశాడు. అంత మన్ను నేను ఎప్పుడూ చూడలేదు. పొగలు కక్కుతున్నట్టు, నల్లగా, తడితడిగా, కొండంత ఉంది. ఆయన ఎవరిదో గంప లాక్కున్నాడు.

"రేయ్, పోవద్దు!" అని మామ అరిచాడు. "సగం నిలబడే ఉండాది రా! అది పచ్చిగా ఉండాది!"

"ఒక్క గడియ నాయనా! గంప బోర్లించి వచ్చేస్తా!"

నేను కూడా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆయన అందరికంటే ముందు కుప్ప ఎక్కాడు. గంప బోర్లించి, దానిమీద చెయ్యి పెట్టి, మా వైపు తిరిగాడు. నవ్వుతున్నాడు. చేను గెలిచినట్టు నవ్వాడు. ఆయన వెనక నిలబడిన సగం బురుజు చప్పుడు లేకుండా ముందుకు వంగడం నేను చూశాను, ఆయన చూడలేదు.

మన్ను తోలుకోవడానికి తెచ్చిన పారలతోనే ఆయన కోసం తవ్వారు. ఒకరినొకరు తోసుకుంటూ వచ్చినవాళ్లే వరస కట్టి గంపలు అందించుకున్నారు. దూదేకులాయన గోళ్లు ఊడేట్టు చేతులతో తవ్వాడు. మామ ముళ్లకంప దగ్గరి నుంచి కదల్లేదు. మధ్యాహ్నానికి దొరికాడు. గంప ఆయన రొమ్ము కింద ఉంది, నలిగిపోయి. నేను ముఖం తుడవబోతే నోట్లో మన్ను ఉంది. అది తీసి పారేశాను. ఆ మన్నును, ఆ కోటను, దాన్ని కట్టినవాణ్ణి, కట్టు పెట్టినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరూ నన్ను ఆపలేదు.

కర్మాంతరం అయ్యాక ఊరి పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. నేను లోపల, మామ బయట ఇంటి అరుగుమీద. వాళ్లు చాలాసేపు వానల గురించి మాట్లాడారు. చివరకు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"గంప ముందు బోర్లించింది మీవాడు. అందరం చూసినాం. మన్ను వానిది. వాడు లేడు కాబట్టి ఆ పాపది. ఇంగ ఎవురూ దాన్ని ముట్టరప్పా. మీరే తోలుకోవాల."

నేను బయటికి వచ్చాను. "అది మీ ఊరి మన్ను. మీరే తినండి" అన్నాను. వాళ్లు తల దించుకుని కూర్చున్నారు గాని లేచి పోలేదు. అక్కడ న్యాయం తప్పినవాడు లేడు. అంత న్యాయంగా మాట్లాడుతున్న మనుషులను చూస్తే నాకు దడ పుట్టింది. అవతల ఏడాది వీళ్లే పడమటి గోడకు నీళ్లు తాపారు.

నేను ముట్టనని భీష్మించుకున్నాను. మామ నాతో వాదించలేదు. ఒక పొద్దున ఎద్దులు కట్టి, పార తీసుకుని, తానొక్కడే పోయాడు. తలుపులు నెట్టడం తప్ప బరువుపని మానేసిన ముసలివాడు, రెండు బండ్లు నింపి బంజరు చేనికి తోలాడు. మూడోదానికి పార ఎత్తలేక కుప్పమీద కూలబడితే దూదేకులాయన వచ్చి నాకు చెప్పాడు. పోయాను. ఆయన లేవలేదు. కొడుకు పడిన చోటే కూర్చుని ఉన్నాడు.

"ఈ మన్ను నా కంటికి కనపడకుండా పోవాల మ్మే" అన్నాడు. "తోలు."

తోలాను. ఆయన నింపాడు, నేను బండి నడిపాను.  కుప్ప అంతా అయ్యేదాకా, బురుజు ఉన్నచోట నేల చదునయ్యేదాకా తోలాం.

ఆ ఏడు ఆ చేన్లో జొన్న మనిషెత్తు దాటింది. కంకులు బరువుకు వంగాయి. పక్క ఊళ్లనుంచి రైతులు వచ్చి గట్టుమీద నిలబడి చూశారు. ఆయన ఎట్లా కోరుకున్నాడో అట్లాగే వచ్చారు. ఏం మందు వేశారని ఒకాయన నన్నే అడిగాడు. కోతకు వచ్చాక నేను కొడవలి పట్టనన్నాను. మామ నా చేతిలో పెట్టాడు.

"బిడ్డ తినాల" అన్నాడు.

కోశాను. నూర్చాము. ఆ గింజలు దంచి, పిండి చేసి, రొట్టె కాల్చి, ముందు బిడ్డకు పెట్టాను. తర్వాత మామకు. చివరకు నేను కూర్చున్నాను. ఒక తునక తుంచి నోట్లో పెట్టుకున్నాను. అంత రుచిగల జొన్నరొట్టె నేను ఎన్నడూ తినలేదు. అది అంత రుచిగా ఉన్నందుకు ఏడ్చాను. ఏడుస్తూనే రొట్టె మొత్తం తిన్నాను.